పెన్నా లోయలో సైకిలు తొక్కడం ఎలా: కడప నుంచి సిద్ధవటం, ఒంటిమిట్ట చుట్టి రావడానికి

కడప చుట్టుపక్కల సైకిలు మీద దూరం పోవాలనుకునేవాళ్లు మొదట భయపడేది కొండలకు. ఆ భయం అక్కర్లేదు. పాలకొండలు, లంకమల, నల్లమల ఎంత ఎత్తుగా కనబడినా వాటి మధ్య పెన్నా పరిచిన నేల దాదాపు చదునే. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఈ నది, మన జిల్లాలో చాలా దూరం కొండల నడుమ తీరిగ్గా పారుతుంది. దాని పక్క రోడ్ల మీద మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఎవరైనా యాభై అరవై కిలోమీటర్లు తొక్కగలరు.

ఇక్కడ నిజంగా ఇబ్బంది పెట్టేవి ఎండ, గాలి, కంప (సర్కారు తుమ్మ) ముల్లు. వానాకాలంలో వీటికి నీళ్లు తోడవుతాయి. ఎన్ని కిలోమీటర్లు అన్నదానికంటే ముందు వీటి సంగతి చూసుకోవాలి. అవి తెలిస్తే దారి, టైము, సామాను వాటంతట అవే తేలిపోతాయి. అందుకే దారి గురించి చెప్పే ముందు వీటి గురించి చెబుతాను.

ఏ నెలలో, ఎన్ని గంటలకు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఈ లోయకు మించిన చోటు లేదు. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి ఉంటాయి, చెరువుల్లో నీళ్లుంటాయి, చేలు పచ్చగా ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ మూడు నెలల్లోనే వెళ్లండి.

మార్చి సగం దాటితే లెక్క మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు విషయం. పైనుంచి ఎండ, కింద తారు రోడ్డు సెగ, రెండూ కలిసి మనిషిని తొందరగా దెబ్బ తీస్తాయి. ఆ నెలల్లో తొక్కి తీరాలనుకుంటే చీకటితోనే బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా నీడ పట్టున చేరండి. దూరం సగానికి తగ్గించుకోండి. పది గంటల తర్వాత తొక్కేవాళ్లను చూసి మీరూ తొక్కాలనుకోవద్దు.

జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బులు పట్టి వేడి కాస్త తగ్గుతుంది గానీ గాలి లేస్తుంది. ఆషాఢం గాలి అంటే ఎట్లుంటుందో సీమలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కనున్న అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఈ గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. దానికి ఎదురు తొక్కితే చదును రోడ్డు కూడా ఘాటు రోడ్డు అవుతుంది. వెనక నుంచి తగిలితే మాత్రం తక్కువ శ్రమతో ఎక్కువ దూరం పోతారు. ఉదయం పూట మెల్లగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ గాలీ పెరుగుతుంది. కాబట్టి ఆ నెలల్లో ఎదురుగాలి భాగమంతా తెల్లవారుజామున, గాలివాలు భాగం తర్వాత వచ్చేట్టు దారి వేసుకోండి. తూర్పుకు పోయి తిరిగి పడమరకు వచ్చే సిద్ధవటం దారికి ఇది సరిపడదు, తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలే. అందుకే అది చలికాలపు దారి. గాలికాలానికి వేరే దారి చివర్లో చెబుతాను.

సైకిలు

ఖరీదైన సైకిలే కావాలని లేదు. గేర్ల సైకిలు ఉంటే హాయి, లేకపోయినా ఈ దారికి నడుస్తుంది. కానీ మూడు సంగతులు చూసుకోండి.

టైరు మరీ సన్నగా ఉండొద్దు. 23, 25 మి.మీ. రేసు టైర్లు పట్టణాల రోడ్లకే సరి. పల్లె రోడ్డు మీద గుంత, కంకర, ఇసుక అన్నీ వస్తాయి కాబట్టి 28 నుంచి 35 మి.మీ. మధ్య ఉన్న టైరు వేసుకోండి. గాలి కూడా టైరు మీద రాసిన గరిష్ఠం దాకా కొట్టించొద్దు. 70 కిలోల మనిషి 28 మి.మీ. టైరుకు 75, 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య కొట్టుకుంటే చాలు, 32 మి.మీ.కు ఇంకా తక్కువ. ఎండాకాలంలో అంతకంటే రెండు మూడు తగ్గించినా నష్టం లేదు.

వాల్వు చూడండి. కొత్త రోడ్డు సైకిళ్లకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. పల్లె పంక్చరు షాపులో ఉండే గాలి పైపు దానికి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది, ధర చాలా తక్కువ. దాన్ని సీటు కింది సంచిలో పడేసుకుంటే ఏ ఊళ్లోనైనా గాలి కొట్టించుకోవచ్చు. అది లేక బస్సెక్కి ఇంటికొచ్చినవాళ్లు ఉన్నారు. చేతి పంపు ఎట్లాగూ ఉండాలి.

బ్రేకులు, వెనక ఎర్ర లైటు. లైటు పగలు కూడా వెలగనివ్వండి, ఎందుకో దారి దగ్గర చెబుతాను. హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, పెట్టుకోండి.

కంప ముల్లు

సర్కారు తుమ్మను మనవైపు ఉత్త కంప అంటాం. నది గట్టు, వంక గట్టు, చెరువు కట్ట, బీడు భూమి, ఎక్కడ చూసినా అదే. గొర్రెల మందకు దడి కట్టాలన్నా కంపే, బొగ్గుల బట్టీకి పోయే ట్రాక్టరు నిండా కంపే. ఆ ట్రాక్టరు పోయిన దారెంట ఎండిన రెమ్మలు రాలుతుంటాయి. దాని ముల్లు పచ్చిగా ఉన్నప్పటికంటే ఎండినాక ఎక్కువ ప్రమాదం. టైరులోకి దిగి, బయటి భాగం విరిగిపోయి, మొన మాత్రం లోపల ఉండిపోతుంది. బయట చేత్తో తడిమితే తెలియదు. కొత్త ట్యూబు వేసి వంద గజాలు పోయేలోపు అదే మొన మళ్లీ పొడుస్తుంది. అందుకే ఇక్కడ పంక్చరు వేసుకోవడం అంటే సగం పని ట్యూబు మీద, సగం పని టైరు మీద.

ఈ పద్ధతి ఇంట్లోనే ఒకటి రెండుసార్లు చేసి చూసుకోండి.

చక్రం విప్పే ముందు వాల్వు ఎక్కడుందో, దానికి ఎదురుగా టైరు మీద ఏ అక్షరాలున్నాయో గుర్తు పెట్టుకోండి. అసలు టైరు వేసేటప్పుడే కంపెనీ పేరు వాల్వు దగ్గరకు వచ్చేట్టు వేసుకుంటే ఇంకా మంచిది. అప్పుడు ట్యూబులో బొక్క వాల్వుకు జానెడు దూరంలో ఉంటే, టైరులో ముల్లు కూడా కంపెనీ పేరుకు జానెడు దూరంలోనే, అటో ఇటో ఉంటుంది. వెతుకులాట సగం తగ్గిపోతుంది.

టైరు ఒక వైపు మాత్రమే లివరుతో తప్పించి ట్యూబు బయటికి తీయండి. కొద్దిగా గాలి కొట్టి బుగ్గ దగ్గర పెట్టుకుంటే గాలి తగిలే చోటు తెలుస్తుంది. బాటిలు నీళ్లు దీనికి వాడేయొద్దు, అవి తాగడానికి.

ఇప్పుడు టైరు. చిన్న దూది ఉండ తీసుకొని టైరు లోపలి వైపు మెల్లగా చుట్టూ రుద్దుకుంటూ పోండి. ముల్లు మొన ఎక్కడుందో అక్కడ దూది పోగు పట్టుకుంటుంది. వేలితో తడమొద్దు, వేలు తెగుతుంది. మొన కనబడిన చోట టైరును రెండు బొటనవేళ్లతో వెనక్కి వంచితే ముల్లు లోపలికి పొడుచుకొస్తుంది. కనుబొమ్మలు తీసే చిన్న పట్టకారుతో దాన్ని లోపలి నుంచే లాగండి. ఒకటి దొరికిందని ఆపేయకుండా దూదితో ఇంకో చుట్టు తిరగండి.

ట్యూబు మీద బొక్క చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ (ప్యాచి అంటించే జిగురు) పలచగా పూయండి. ఆ తర్వాత ఆగాలి. చాలామంది తడిగా ఉన్నప్పుడే ప్యాచి అతికించేస్తారు, అది పది కిలోమీటర్లకే ఊడిపోతుంది. వేలి వెనక భాగం తగిలిస్తే అంటుకోనంతగా ఆరినాకే ప్యాచి వేసి గట్టిగా నొక్కండి. చలికాలంలో నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఎండలో ఇంకా తొందరగా ఆరుతుంది. ట్యూబు గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి టైరులోకి ఎక్కించండి. చివరి జానెడు టైరును లివరుతో కాకుండా బొటనవేళ్లతోనే ఎక్కిస్తే ట్యూబు నలగదు.

ఇంకో శత్రువు పల్లేరు కాయ. కంప ముల్లు ఒక బొక్క చేస్తే ఇది ఒకేసారి ఐదారు చేస్తుంది. ఇది రోడ్డు మీద ఉండదు, రోడ్డు పక్క గడ్డిలో ఉంటుంది. ఫొటో తీసుకోవడానికో, నీడన కూర్చోవడానికో మట్టిలోకి దిగేటప్పుడు సైకిలును తోసుకుంటూ దిగొద్దు. భుజాన ఎత్తుకొని దిగండి. నీడ కోసం కూడా తుమ్మ చెట్టు కింద ఆగకుండా వేప, చింత, మర్రి ఏదుంటే దాని కింద ఆగండి. ఈ ఒక్క అలవాటుతో మీ పంక్చర్లు సగం తగ్గుతాయి. స్పేర్ ట్యూబులు రెండు దగ్గర ఉంచుకోండి. పల్లె షాపుల్లో పాత టైరు నుంచి కోసిన పట్టీని టైరుకూ ట్యూబుకూ మధ్య వేసిస్తారు. సైకిలు కొంచెం బరువుగా నడుస్తుంది గానీ మామూలు సైకిలుకు అది మంచి ఉపాయం.

నీళ్లు, తిండి

గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు పోతాయి. చలికాలంలో అర లీటరు సరిపోవచ్చు, మార్చి తర్వాత సరిపోదు. 750 మి.లీ. బాటిళ్లు రెండు పెట్టుకోండి. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, రెండోదాంట్లో ఓఆర్‌ఎస్. మెడికల్ షాపు ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లకు అని రాసి ఉంటే అన్ని నీళ్లకే కలపండి, చిక్కగా కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. దాహం వేసేదాకా ఆగకుండా పది పదిహేను నిమిషాలకొకసారి రెండు గుక్కలు తాగండి.

పొద్దున బయల్దేరే ముందు అరటిపండు చాలు. జేబులో చెనిక్కాయ ఉండలు, రెండు ఖర్జూరాలు. దారిలో టిఫిను హోటళ్లు ఉంటాయి. ఉగ్గాని మంచి ఎంపిక, తేలిగ్గా ఉంటుంది, ఉప్పూ తగులుతుంది. పక్కన పెట్టే మిరపకాయ బజ్జీలు మాత్రం ఇంటికొచ్చే రోజుకు దాచుకోండి. కారం దోశె విషయంలోనూ అంతే, అది తిన్నాక ముప్పై కిలోమీటర్లు తొక్కడం కష్టం. సంగటి మధ్యాహ్నం ఇంటికొచ్చినాక తినండి, తిని పడుకోండి. మజ్జిగ ఎక్కడ దొరికినా తాగండి. నన్నారి షర్బత్తు ఎండలో బాగుంటుంది గానీ చక్కెర ఎక్కువ, ఒకటితో ఆపండి.

ఎండలో తొక్కుతూ ఉన్నట్టుండి చెమట ఆగిపోయినా, ఒళ్లు జలదరించినా, తల తిరిగినా, మాట తడబడినా అది వడదెబ్బ. "ఇంకో ఊరు దాకా పోదాం" అనుకోవద్దు. నీడలో పడుకోబెట్టి, తడి బట్టతో మెడ, చంకలు, తొడల మొదళ్లు తడిపి, 108కి ఫోను చేయాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ దారిన పోతున్నదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లండి.

దారి

కడప నుంచి భాకరాపేట మీదుగా సిద్ధవటం, అక్కడి నుంచి ఒంటిమిట్ట, తిరిగి కడప. మొత్తం అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆగుతూ పోతే ఐదు గంటలు.

భాకరాపేట దాకా తిరుపతి హైవేనే. ఈ ముక్క సూర్యుడు రాకముందే దాటేయాలి. కారణం ఉంది. మీరు పోయేది తూర్పుకు. పొద్దు పొడిచాక అరగంట, ముప్పావు గంట సూర్యుడు సరిగ్గా కళ్లలోకి కొడతాడు. మీ వెనక వచ్చే లారీ డ్రైవరుకూ అంతే, ఆ వెలుతురులో సైకిలు ఒక నీడలా కలిసిపోతుంది. పగలు కూడా ఎర్ర లైటు వెలగాలన్నది ఇందుకే. జనవరిలో ఇక్కడ ఆరున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది, ఆ నెలలో ఐదుంబావు, ఐదున్నర మధ్య కడప వదలండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, లేత రంగు చొక్కా. భాకరాపేటలో హైవే వదిలి ఎడమకు సిద్ధవటం దావ పట్టేసరికి తెల్లవారుతూ ఉండాలి.

ఇక్కడి నుంచి తొందర పడొద్దు. కుడిచేతి వైపు వెనకగా పాలకొండలు, ఎడమచేతి వైపు నది అవతల లంకమల. బళ్లు తగ్గుతాయి, పిట్టల అరుపులు వినబడతాయి. ఈ ముక్క కోసమే ఇంత దూరం రావాలి అనిపిస్తుంది నాకు.

సిద్ధవటం కోట పెన్నా ఒడ్డునే, 36 ఎకరాల్లో ఉంది. 1303 నాటిదని చెబుతారు. తర్వాత మట్లి రాజులు దాన్ని బలపరిచారు. సైకిలు కోట వాకిలి దగ్గర తాళం వేసి పెట్టి లోపల అరగంట నడవండి. కాళ్లు పట్టేయకుండా ఈ నడక పనికొస్తుంది. నది వైపు గోడ దగ్గరికి పోతే పెన్నా వెడల్పు తెలుస్తుంది. ఎండాకాలంలో వస్తే ఇక్కడ కరబూజ పండు తినకుండా పోవద్దు, సిద్ధవటం కరబూజలకు పాత పేరు.

కొందరికి ఇక్కడి నుంచి నది దాటి బద్వేలు రోడ్డులో ఇంకాస్త ముందుకు పోవాలనిపిస్తుంది. పోవచ్చు, కానీ తారు రోడ్డు వదిలి లంకమల పొదల్లోకి సైకిలు దించొద్దు. అది శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం. ఇక ప్రపంచంలో లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడింది ఈ లంకమల ప్రాంతంలోనే. అది నేల మీద, పలచటి పొదల మధ్య తిరిగే పక్షి. మనకు బీడుగా కనిపించే నేలే దానికి ఇల్లు. అనుమతి లేకుండా లోపలికి పోవడం చట్టప్రకారం తప్పు, ఆ పక్షికి కూడా అన్యాయం.

సిద్ధవటం నుంచి దక్షిణంగా వచ్చి మళ్లీ హైవే ఎక్కి ఎడమకు తిరిగితే ఒంటిమిట్ట. సిద్ధవటం మండలంలో మాధవరం చేనేత ఊరు. మగ్గం చప్పుడు వినబడితే ఆగి చూడండి, "అన్నా, లోపలికి రావచ్చా" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఒంటిమిట్ట కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, పక్కన హనుమంతుడు ఉండడు. ఏకశిలానగరం అన్న పేరు అందుకే వచ్చింది. సైక్లింగ్ నిక్కరుతో గుళ్లోకి పోవడం బాగుండదు, సంచిలో పలచటి పంచె ఒకటి మడిచి పెట్టుకోండి. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా కల్యాణం రోజు, ఈ రోడ్డు మీదికి సైకిలుతో రావొద్దు. బస్సులు, కార్లు, నడిచొచ్చే భక్తులతో రోడ్డు నిండిపోతుంది.

తిరుగు ప్రయాణం అంతా హైవే. ఇప్పుడు సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు కాబట్టి వెనకొచ్చే డ్రైవర్లకు మీరు బాగా కనబడతారు. ఎడమ అంచున తెల్ల గీతకు కాస్త లోపలగా, నిలకడగా తొక్కండి. మరీ అంచుకు పోతే దాటడానికి చోటుందనుకొని బస్సులు రాసుకుంటూ పోతాయి. పదిన్నరకల్లా ఇంట్లో ఉండొచ్చు.

అరవై కిలోమీటర్లు ఎక్కువనిపిస్తే ముందు పుష్పగిరికి పోయి రండి. కడపకు పదహారు కిలోమీటర్ల దూరం. ఊరు నదికి ఒక ఒడ్డున, గుళ్లు రెండో ఒడ్డున ఉంటాయి. నది ఎండి ఉంటే ఇసుకలో నడిచి దాటుతారు. నీళ్లుంటే దాటే ప్రయత్నం చేయకుండా ఖాజీపేట వైపు నుంచి చుట్టు తిరిగి రావాలి. అందుకే బయల్దేరే ముందు నదిలో నీళ్లున్నాయా అని అడిగి తెలుసుకోండి.

నీళ్లు పారుతుంటే

ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడే నది కాబట్టి పెన్నాను చులకనగా చూస్తాం. సిద్ధవటం చేరేసరికి పెన్నాలో చిత్రావతి, పాపఘ్ని, కుందూ కలిసిపోయి ఉంటాయి. కర్ణాటకలోనో, నంద్యాల వైపో కురిసిన వాన ఒకటి రెండు రోజుల తర్వాత ఇక్కడ వరదై వస్తుంది. కడపలో ఆకాశం నిర్మలంగా ఉన్నా నది నిండుగా రావచ్చు. కాబట్టి కడప వాతావరణం ఒక్కటే చూస్తే సరిపోదు, మైలవరం, గండికోట జలాశయాల నుంచి నీళ్లు వదులుతున్నారా అన్న వార్త కూడా చూడాలి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్లు తెల్లవారేసరికి కొట్టుకుపోయాయి. అదే వరదల్లో కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది. ఇవి మన కళ్ల ముందు జరిగినవి.

పల్లె రోడ్ల మీద వంకలకు వంతెనలు కాకుండా చప్టాలే (నీళ్లు పైనుంచి పారే సిమెంటు దారులే) ఎక్కువ. చప్టా మీద నీళ్లు కదులుతూ పారుతుంటే దాటొద్దు. లోతు తక్కువే అనిపించినా అడుగున రోడ్డు ఉందో కోసుకుపోయిందో కనబడదు, పాచి మీద టైరు నిలవదు. బైకులు దాటుతున్నాయి కదా అని మీరు దిగొద్దు. తిరిగి వెనక్కి వచ్చేయండి.

దారి అడిగేటప్పుడు "రోడ్డు బాగుందా" అని అడిగితే బాగుందనే చెబుతారు, బైకు మీద పోయేవాళ్లకు అది బాగున్నట్టే. "వంక పారుతాందా? కంకర పరిచినారా?" అని అడగండి, సరైన జవాబు వస్తుంది. రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన "యాడికి పోతాండావు నాయనా, ఇంత ఎండలో" అని అడిగితే ఆగి చెప్పండి. తర్వాత మీకేమన్నా అయితే ఈ దావనే పోయినాడని చెప్పేది ఆయనే.

రోడ్డు మీద ఇంకెవరెవరున్నారో

ఇసుక ట్రాక్టర్లు పోయే చోట తడి ఇసుక రోడ్డు మీద రాలుతుంది, ముఖ్యంగా వంతెన దిగే మలుపుల్లో. అక్కడ సైకిలు వంచి తిప్పొద్దు, మలుపుకు ముందే వేగం తగ్గించి నిటారుగా పోండి. ట్రాక్టరు ట్రాలీలకు చాలావాటికి వెనక లైట్లుండవు. చీకట్లో మీ లైటు వాటికోసం కూడా.

పంట కాలంలో జొన్న, ధనియాలు, శనగ రోడ్డు మీదే ఆరబోస్తారు. శనగ కట్టె, జొన్న సొప్ప మీదుగా గేర్ల సైకిలు తొక్కితే పీచు చైనులోకి, వెనక గేర్ల బుట్టలోకి చుట్టుకొని చక్రం పట్టేస్తుంది. దిగి, సైకిలు ఎత్తుకొని దాటండి. అది వాళ్ల ఏడాది కష్టం, దాని మీదుగా పోకపోవడం మర్యాద కూడా. కుప్ప చుట్టూ పేర్చిన రాళ్లు మాత్రం చీకట్లో ప్రమాదం, చూసుకోండి.

కుక్కలు వెంటబడితే వేగం పెంచొద్దు. ఆగి, దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య పెట్టుకొని నడవండి. పరుగెత్తేది ఏదీ లేకపోతే కొంతసేపటికి అదే తిరిగి పోతుంది. గొర్రెల మంద ఎదురైతే బెల్లు కొట్టకుండా ఆగండి, కాపరి దారి ఇస్తాడు.

గాలికాలంలో: గండికోట నుంచి కిందికి

జూన్, జులై, ఆగస్టుల్లో తొక్కాలనుకునేవాళ్లకు ఈ దారి. పడమర నుంచి తూర్పుకు, గాలితోపాటు పోవడమే ఇందులో కిటుకు.

ముందురోజు సైకిలును జీపులోనో, ముందుగా డిపోలో అడిగి బస్సులోనో జమ్మలమడుగు చేర్చండి. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో మొదలైనప్పటి నుంచి జమ్మలమడుగుకు రైలు కూడా ఉంది. రైల్లో అయితే సైకిలును పార్శిల్ ఆఫీసులో బుక్ చేయించుకోవాలి. సాయంత్రం ఎండ తగ్గాక జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు. మెల్లగా ఎక్కే దారి, గాలి కూడా ఎదురే, కాబట్టి గంటన్నర ఇవ్వండి. కోట లోపల ధాన్యాగారం, జామా మసీదు, మాధవరాయ ఆలయం చూసి, గోడ చివరి బండల మీద పెన్నా ఎర్రమలలను చీల్చిన లోయ చూడండి. గాలి గట్టిగా ఉన్న రోజు బండల అంచుకు పోవద్దు, అక్కడ కంచె లేదు. రాత్రికి టూరిజం వాళ్ల హరిత హోటల్లో గది ముందే బుక్ చేసుకోండి, శని ఆదివారాలు దొరకడం కష్టం.

తెల్లవారి జమ్మలమడుగుకు దిగి, ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు, ఖాజీపేట, చెన్నూరు మీదుగా కడప. ఎర్రగుంట్ల మీదుగా దగ్గరే గానీ సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు, వాటి దుమ్ము. నేనైతే ఆ దారి ఎవరికీ చెప్పను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మధ్య నల్లరేగడి నేల. వాన పడి ఉంటే చేల గట్ల మీద అడ్డదారులు పట్టొద్దు, ఆ బురద టైరుకూ బ్రేకుకూ మధ్య పేరుకొని చక్రం తిరగదు. చాపాడు దగ్గర కుందూ దాటుతారు. కేసీ (కర్నూలు–కడప) కాలువ నీళ్లతో వరి, పసుపు పండే నేల ఇది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి వచ్చే ఈ కాలువను పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు కంపెనీ సాగుకూ పడవలకూ కలిపి తవ్వింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది.

మైదుకూరు నుంచి కడపకు నాలుగు వరుసల హైవే. ఈ ముక్కలో రోడ్డు దక్షిణానికి తిరుగుతుంది కాబట్టి గాలి కుడి పక్క నుంచి తగులుతుంది. లారీ పక్కనుంచి పోయినప్పుడు ఒక్క క్షణం గాలి ఆగి, అది దాటగానే మళ్లీ గట్టిగా తోస్తుంది. హ్యాండిలు రెండు చేతులా పట్టుకొని, భుజాలు వదులుగా ఉంచండి. ఖాజీపేట చేరేసరికి పదకొండు దాటితే అక్కడే ఆగి భోంచేసి, నాలుగు తర్వాత మిగతాది తొక్కండి. అలసిపోతే అక్కడి నుంచి కడపకు బస్సులు దండిగా ఉన్నాయి.